ఇన్‌స్టాల్ అరగంట, అలకలు నెల రోజులు: ఇంటి కంప్యూటర్‌ను లినక్స్‌కు మార్చేవారికి

తిరుపతిలో కాపురముండేవాళ్లకు జీతం లేని ఉద్యోగం ఒకటుంటుంది. ఎక్కడెక్కడి చుట్టాలో ఫోన్ చేసి, "మూడొందల టికెట్లు నాలుగు చూడు నాయనా, మా వల్ల కావడంలా" అంటారు. బుక్ చేయాలి, ప్రింటు తీసిపెట్టాలి, వాళ్లు బస్సు దిగగానే చేతిలో పెట్టాలి. బైరాగిపట్టెడలో మా ఇంటి డెస్క్‌టాప్ ఏళ్లుగా చేస్తున్న ముఖ్యమైన పని ఇదే. ఆరో తరం ఇంటెల్ ఐ3, 8 జీబీ ర్యామ్. ముసలిదే గానీ మంచం పట్టలేదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. విండోస్ 11కి పోదామంటే అది ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైనా అడుగుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది. మా పెట్టెకు ఆ అర్హత లేదు. బాగా నడుస్తున్నదాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయడానికి మనసొప్పక, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ మింట్‌కు మారాం. ఆ తర్వాత చిత్తూరులో మా చిన్నక్క ల్యాప్‌టాప్, పక్కింటి సార్ డెస్క్‌టాప్ కూడా మార్చాను.

మూడుసార్లు చేశాక తెలిసింది: ఇన్‌స్టాల్ చేయడం అసలు పనే కాదు. అది అరగంటలో అయిపోతుంది. మూడు ముళ్లు పడ్డాక మగపెళ్లివారిలో ఒక్కొక్కరే అలుగుతారు చూడండి, కష్టమంతా అక్కడుంది. ప్రింటర్ అలుగుతుంది, వైఫై అలుగుతుంది, స్పీకర్లు మూగబోతాయి, గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. ఎవరెవరు అలుగుతారో ముహూర్తానికి ముందే కనుక్కుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. ఈ వ్యాసం అందుకే. అలిపిరి మెట్లు 3,550 అంటారు, ఇక్కడ ఏడే ఉన్నాయి.

మొదటి మెట్టు: పాత విండోస్‌లోనే విచారణ

ఒక కాగితం తీసుకుని, పెట్టెకు తగిలించినవన్నీ రాయండి. ప్రింటర్, స్కానర్, వైఫై డాంగిల్, వెబ్‌క్యామ్, బ్లూటూత్ మౌస్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే అది. ఏడాదికోసారి వాడే డిజిటల్ సంతకం టోకెన్ కూడా రాయాలి. మనం మరిచిపోయేది అదే.

కంపెనీ పేరు రాస్తే చాలదు, లోపలి చిప్ పేరు కావాలి. ఎందుకంటే, విండోస్‌లో వస్తువు తయారుచేసినవాడే డ్రైవర్ (ఆ వస్తువుతో సిస్టమ్ మాట్లాడడానికి కావలసిన ప్రోగ్రామ్) రాసి సీడీలోనో వెబ్‌సైట్‌లోనో ఇస్తాడు. లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి. చిప్‌ను కెర్నల్ గుర్తుపడితే మీరు ఏమీ చేయక్కర్లేదు, తగిలించగానే పనిచేస్తుంది. గుర్తుపట్టకపోతే పెట్టెతో వచ్చిన సీడీ అరిగేదాకా తిప్పినా లాభం లేదు. పైగా ఒకే పేరుతో అమ్మే వస్తువులో చిప్ మారిపోతుంటుంది. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ డాంగిల్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ చిప్ ఉండేది, లినక్స్‌లో పెట్టగానే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి లోపల రియల్‌టెక్ చిప్ వచ్చింది. డబ్బా అదే, బొమ్మ అదే, గుణం వేరు.

చిప్ కనుక్కోవడం తేలికే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. వస్తువు మీద రెండుసార్లు నొక్కి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ కనిపించే పొడుగాటి వరసలో 'వెన్' తర్వాత వచ్చే నాలుగు అంకెలూ అక్షరాలూ తయారీదారువి, 'డెవ్' తర్వాతివి చిప్‌వి. 8086 అంటే ఇంటెల్, నిశ్చింతగా ఉండొచ్చు. 10ఈసీ అంటే రియల్‌టెక్, కొంచెం విచారించుకోవాలి. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, విడి డ్రైవర్ వేసుకోవలసి రావచ్చు. 10డీఈ అంటే ఎన్విడియా. యూఎస్‌బీ వస్తువులకు 'విడ్', 'పిడ్' అని ఉంటాయి. ఆ అంకెల పక్కన లినక్స్ అని చేర్చి వెతికితే వాటి జాతకం బయటపడుతుంది.

సాఫ్ట్‌వేర్ల దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి. ఇంట్లో ఎవరైనా ట్యాలీ వాడుతున్నా, ఆధార్ వేలిముద్ర యంత్రం పెట్టుకుని సేవా కేంద్రం నడుపుతున్నా, అనూ ఫాంట్లతో డీటీపీ చేస్తున్నా ఆ పెట్టె జోలికి పోవద్దు. కూడు పెట్టే యంత్రం మీద ప్రయోగాలొద్దని నా మాట. ఇంకో పెట్టె మీద చేసుకోండి.

రెండో మెట్టు: పాత డిస్కును బీరువాలో పెట్టడం

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, ఎవరూ చేయరు. అందుకే నేను వేరే దారి పట్టాను. డెస్క్‌టాప్‌లో ఉన్న పాత హార్డ్ డిస్కును విప్పి పక్కన పెట్టేసి, కొత్తగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్తరకం డిస్కు) కొని దాంట్లో లినక్స్ వేశాను. లాభాలు రెండు. ఇన్‌స్టాల్‌లో పొరపాటు జరిగి డిస్కు మొత్తం చెరిపేసుకున్నా చెరగడానికి అక్కడ ఏమీ ఉండదు. నచ్చకపోతే పాత డిస్కు తగిలించి, పది నిమిషాల్లో మళ్లీ పాత కాపురానికి వెళ్లిపోవచ్చు. పెట్టె వేగం పెరగడం కొసరు. నిజం చెప్పాలంటే "లినక్స్ వేశాక రాకెట్‌లా పోతోంది" అని జనం చెప్పుకునేదాంట్లో సగం ఘనత ఎస్‌ఎస్‌డీదే.

పెట్టె ఎటూ విప్పుతారు కాబట్టి లోపలి దుమ్ము దులపండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. ఇది చచ్చిపోయిన పెట్టె ప్రతిసారీ ఏ పాత సంవత్సరంలోనో నిద్రలేస్తుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ ఏ సురక్షిత వెబ్‌సైట్‌నూ నమ్మదు. జనం దాన్ని "లినక్స్‌లో నెట్ రావడంలా" అనుకుంటారు.

ల్యాప్‌టాప్ విప్పడం ఇష్టం లేకపోతే ఎక్స్‌టర్నల్ డిస్కుకు ఫైళ్లన్నీ కాపీ చేసి, అక్కడ నాలుగైదు ఫొటోలు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. కాపీ అయిందన్న నమ్మకం వేరు, తెరిచి చూడడం వేరు. తేడా వస్తే పిల్లల చిన్ననాటి ఫొటోలన్నీ గోవిందా!

విండోస్‌ను కూడా ఉంచి పక్కనే లినక్స్ వేసుకునేవాళ్లకు ఇంకో రెండు పనులున్నాయి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. తర్వాత బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చితే విండోస్ ఆ కీ అడుగుతుంది, లేకపోతే లోపలికి రానివ్వదు. రెండోది, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా ఆగదు, కోడి కునుకు తీస్తుంది. అలాంటి డిస్కును లినక్స్ చదవనిస్తుంది గానీ రాయనివ్వదు.

మూడో మెట్టు: పెన్‌డ్రైవ్, ఎఫ్ కీలు

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ దించుకోండి, సుమారు 3 జీబీ. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మింట్ రూపాల్లో, ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్, 4 జీబీ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. మామూలుగా కాపీ చేసి అతికిస్తే బూట్ కాదు. పక్కింటి సార్ రెండు రోజులు అదే చేసి నాకు ఫోన్ చేశారు.

పెట్టె ఆన్ చేయగానే, ఏ డిస్కుతో లేవాలో అడిగే బూట్ మెనూ కోసం దాని కీ టపటపా కొడుతూ ఉండాలి. డెల్, లెనోవో, గిగాబైట్‌లకు ఎఫ్12. హెచ్‌పీకి ఎఫ్9. ఎంఎస్ఐకి ఎఫ్11. ఆసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్, అదే కంపెనీ మదర్‌బోర్డుకు ఎఫ్8. ఏసర్‌లో కొన్నిటికి ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి, ఎఫ్12 బూట్ మెనూని ఆన్ చేస్తే తప్ప ఆ కీ పలకదు.

కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఒక చిక్కు. అన్నీ బాగానే ఉంటాయి గానీ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడదు. డిస్కు పాడు కాలేదు, కంగారు పడకండి. బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ ఆర్‌ఎస్‌టీలోనో వీఎండీలోనో ఉంటుంది, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ పక్కనే ఉంచుకునేవాళ్లు తొందరపడి మార్చితే అది నీలి తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక ఆ ఏర్పాటు తీసేసి మామూలుగా వాడుకోవచ్చు.

నాలుగో మెట్టు: ఇన్‌స్టాల్ చేయకుండానే నడపడం

ఏడు మెట్లలో ఒక్కటే ఎక్కుతానంటే నేను ఇదే ఎక్కమంటాను. పెన్‌డ్రైవ్‌తో లేచిన మింట్ మీ డిస్కును ముట్టుకోదు. డెస్క్‌టాప్ మీద 'ఇన్‌స్టాల్' అనే గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఒక సాయంత్రమంతా దీన్ని ఇలాగే వాడండి. ఆపేస్తే చేసినవన్నీ మరిచిపోతుంది కాబట్టి ఏం కెలికినా భయం లేదు. నెమ్మదిగా నడుస్తుంది, అది పెన్‌డ్రైవ్ తప్పు, సిస్టమ్‌ది కాదు.

కాగితం మీద రాసుకున్న వరసలో ఒక్కొక్కటీ పరీక్షించండి. వైఫై కలిసిందని సరిపెట్టుకోకుండా అరగంట వీడియో నడవనివ్వండి, మధ్యలో తెగుతోందా చూడండి. స్పీకర్లలో మాత్రమే కాదు, ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రంలో కూడా పాట వినండి. వెబ్‌క్యామ్, మైకు రెండూ ఒకేసారి పనిచేస్తున్నాయా అన్నది నిజంగా ఎవరికైనా వీడియో కాల్ చేస్తేనే తెలుస్తుంది. ప్రింటర్ జాబితాలో పేరు కనబడితే చాలదు, కాగితం బయటికి రావాలి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి, అయిదు నిమిషాలాగి తెరిచి చూడండి. లేస్తే మంచిది. లేవకపోతే కాగితం మీద రాసుకోండి.

తెర నల్లగా ఉండిపోతే, అది చాలావరకు ఎన్విడియా కార్డు గొడవ. బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, దాంతో లేపండి. డ్రైవర్ పడ్డాక సర్దుకుంటుంది.

ఈ పరీక్షలో ఫెయిలైనవన్నీ పనికిరానివి అని కాదు. కొన్నిటికి నెట్ నుంచి డ్రైవర్ వేయాలి. ఏది పాసైంది, ఏది మందులతో తగ్గేది, ఏది తగ్గనిది అని మూడు వరసలుగా రాసుకోండి. మూడో వరసలో మీ ఇంట్లో రోజూ వాడే వస్తువుంటే, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ తీసేసే హక్కు మీకింకా ఉంది.

ఐదో మెట్టు: ఇన్‌స్టాల్

దీనికి పెద్ద కథ లేదు. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టండి, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. ఎండాకాలం సాయంత్రం గాలి లేచి కరెంటు పోయే వేళ మొదలుపెట్టవద్దు. పాటలు, వీడియోలు నడిచేందుకు మల్టీమీడియా కోడెక్స్ అనే గడిలో టిక్ పెట్టండి. ప్రాంతం అడిగినప్పుడు ఇండియా ఎంచుకోండి, అమెరికా అని ఉన్నదాన్ని అలాగే వదిలేయకండి. ఎందుకో ప్రింటర్ దగ్గర చెబుతాను. అయ్యాక టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి. ఇకమీదట ఏ డ్రైవరో వికటిస్తే ఈ క్షణానికి తిరిగి రావచ్చు.

ఆరో మెట్టు: అలకలు తీర్చడం

మొదట నెట్. అది లేకపోతే మిగతా మందులు దొరకవు. వైఫై రాకపోతే ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో పెట్టెకు కలిపి, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. ఏ డ్రైవరూ లేకుండా నెట్ వచ్చేస్తుంది. ఈ ఒక్క చిట్కా తెలియక మా బామ్మర్ది హాల్లోని రూటర్ నుంచి పడకగదిదాకా పదిహేను మీటర్ల కేబుల్ కొనుక్కొచ్చాడు. నెట్ రాగానే మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్, ఎన్విడియాలకు ఏది వేయాలో అదే చెబుతుంది.

బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వని కాపలా) ఆన్‌లో ఉంటే ఇక్కడొక మెలిక. ఇలాంటి డ్రైవర్ వేసేటప్పుడు పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలి తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని వస్తుంది. కొద్ది సెకన్లే ఆగుతుంది. చాలామంది దాన్ని ఏదో ఎర్రర్ అనుకుని వదిలేస్తారు, డ్రైవర్ పడినా పనిచేయదు. ఆ తెర రాగానే ఎన్‌రోల్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. తప్పిపోతే డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి, మళ్లీ వస్తుంది.

వైఫై కలుస్తుంది గానీ పది నిమిషాలకోసారి తెగుతోందంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, దాన్లో కాన్ఫ్.డీ, అందులో వైఫై-పవర్‌సేవ్ పేరున్న ఫైల్. లోపల 3 అని ఉన్నచోట 2 చేసి రీస్టార్ట్ చేయండి. చిన్నక్క ల్యాప్‌టాప్‌కు ఈ ఒక్క అంకె మార్పుతో రోగం కుదిరింది. ఇవేవీ పనిచేయకపోతే రోజుల తరబడి కుస్తీ వద్దు, వేరే డాంగిల్ కొనండి. షాపులో "లినక్స్‌లో పనిచేస్తాదా?" అని అడిగితే "అన్నిట్లో చేస్తాది సార్" అనే అంటారు. చిప్ నంబర్ మీరే చూసుకుని వెళ్లండి.

ఇక ప్రింటర్. ఈ దారిలో మోకాళ్ల పర్వతం ఇదే.

వైఫై ఉన్న ఈ మధ్యకాలపు ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే కలుస్తాయి. ఐఫోన్ నుంచి ప్రింటు తీయగలిగే ఎయిర్‌ప్రింట్ సదుపాయం మీ ప్రింటర్‌కు ఉంటే లినక్స్‌లోనూ దాదాపు పనిచేస్తుందని కొండగుర్తు. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకులకు, బ్రదర్ ప్రింటర్లకు కంపెనీలే లినక్స్ డ్రైవర్లు ఇస్తున్నాయి.

చిక్కంతా మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఏళ్లుగా నడుస్తున్న పాత లేజర్లతో. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008 లాంటివాటిలో ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) శాశ్వతంగా ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. లినక్స్‌లో హెచ్‌పీ వాళ్ల హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది గానీ, దానికి ప్లగిన్ అనే తోక విడిగా దించుకోవాలి. నెట్ ఉండగా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) హెచ్‌పీ-సెటప్ నడిపితే అదే అడిగి దించుకుంటుంది. అది లేకుండా ప్రింటర్‌ను కలిపితే పేరు కనిపిస్తుంది, పని పంపినట్టు చూపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. స్కానర్ కలిసి ఉన్న ఎం1005కి కూడా ఇదే మందు.

కానన్ ఎల్‌బీపీ2900 ఇంకో జాతి. అది కాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది. పేజీ తయారుచేసే పనంతా కంప్యూటర్ మీద పడేస్తుంది. లినక్స్ డ్రైవర్ ఉంది గానీ పాతది, కొత్త సిస్టమ్‌ల మీద మొండికేస్తుంది. ఓపిక ఉన్న స్వతంత్ర ప్రోగ్రామర్లు రాసిన డ్రైవర్ ఇంకొకటుంది. నేనైతే ఆ రెండిటితో తెల్లార్లూ కూర్చోమని చెప్పను. లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో చిన్న విండోస్ పెట్టుకుని, ఆ ప్రింటర్ యూఎస్‌బీని దానికి అప్పగించండి. ముతక పద్ధతే, పని జరుగుతుంది.

మా ఇంటి ప్రింటర్ కథ వేరు. డ్రైవర్ సరిగ్గానే పడింది. ప్రింటు కొడితే ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. మద్రాసు నుంచి చిన్నాన్న వాళ్లు అప్పటికే రేణిగుంట దాటారు. "ప్రింటు వస్తాదా రాదా సామీ, తేల్చు" అని అత్తమ్మ వంటింట్లోంచి అరుస్తోంది. నేను మళ్లీ మళ్లీ నొక్కాను. చివరికి వీధి చివర జిరాక్సు షాపుకు పరిగెత్తాను. రాత్రి తాపీగా చూస్తే, లినక్స్ అమెరికా లెటర్ సైజు కాగితం అడుగుతోంది, ట్రేలో ఉన్నది ఏ4. అడిగిన సైజు లేదని ప్రింటర్ ధర్నా చేస్తోంది. ప్రింటర్స్‌లోకి వెళ్లి, ప్రాపర్టీస్‌లో ప్రింటర్ ఆప్షన్స్‌లో కాగితం సైజు ఏ4 చేశాను. తర్వాత పంపిన పరీక్ష పేజీ వెంటనే వచ్చింది. దాని వెనకే, వరసలో ఆగిపోయిన పదకొండు దర్శనం టికెట్లను కూడా వదల్లేదు. కాబట్టి పని జరగనప్పుడు మళ్లీ మళ్లీ నొక్కకుండా, ముందు క్యూ తెరిచి ఆగినవాటిని తీసేయండి. ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనిపిస్తే, పరీక్షించి పనిచేసేదాన్ని డిఫాల్ట్ చేసి రెండోదాన్ని తొలగించండి.

స్కానర్‌కు డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రామ్ మింట్‌లోనే ఉంది. కానన్ లైడ్ 120, 220, 300, 400 లాంటివి బాగానే పలుకుతాయి.

మౌనవ్రతం పట్టిన స్పీకర్ల సంగతి. అత్తమ్మ పొద్దున్నే ఎస్వీబీసీ పెట్టుకుంటుంది. మారిన మర్నాడే "బొమ్మ ఉంది, సుప్రభాతం వినపడ్డంలా" అంది. శబ్దమంతా హెచ్‌డీఎంఐ తీగలోంచి మానిటర్‌కు పోతోంది, మా మానిటర్‌కు స్పీకర్లే లేవు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర అనలాగ్ అన్నది ఎంచుకుంటే సరి. వెనక స్పీకర్లు, ముందు హెడ్‌ఫోన్ ఒకేసారి తగిలించి ఉంటే ఒకటి రెండోదాన్ని మూసేస్తుంది. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ నడిపి ఆటో-మ్యూట్ తీసేయాలి.

తెర మసకగా, అక్షరాలు లావుగా 1024×768 దగ్గర ఆగిపోతే, నీలం వీజీఏ తీగకు పెట్టిన చౌక కన్వర్టర్‌ను ముందు అనుమానించండి. నేనెంత పెద్దదాన్నో మానిటర్ చెప్పే మాట ఆ కన్వర్టర్ దాటి పెట్టెకు చేరదు. నేరుగా హెచ్‌డీఎంఐ తీగ వేస్తే పోతుంది.

రెండు సిస్టమ్‌లూ ఉంచుకున్నవాళ్లకు గడియారం తగాదా తప్పదు. మదర్‌బోర్డులోని గడియారాన్ని విండోస్ మన సమయంగా చదువుతుంది, లినక్స్ గ్రీనిచ్ సమయంగా దిద్దుతుంది. మనకూ దానికీ తేడా అయిదున్నర గంటలు. చిత్తూరు నుంచి చిన్నక్క ఫోన్ చేసి, "పొద్దున పదిన్నరైతే దీంట్లో అయిదంటా ఉంది, ఏం మాయ చేసినావురా" అంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని, ఖాళీ వదిలి సెట్-లోకల్-ఆర్‌టీసీ అని, మళ్లీ ఖాళీ వదిలి 1 అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే, లినక్స్ కూడా మన సమయమే రాస్తుంది. బ్లూటూత్ మౌస్ కూడా ఇలాంటిదే. ఒక సిస్టమ్‌లో కుదుర్చుకున్న జత రెండోదానికి తెలియదు, మారినప్పుడల్లా మళ్లీ జత కట్టమంటుంది. తీగ మౌస్ కొనుక్కుంటే మేలు.

తెలుగు టైపింగ్ హార్డ్‌వేరా అంటే కాదు గానీ, వేళ్లకు అలవాటైన కీబోర్డు మారితే అంతకు మించిన చిరాకు లేదు. ఐబస్, దానితోపాటు ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతోపాటు డీటీపీవాళ్లకు ప్రాణమైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. పక్కింటి సార్ రిటైరైన తెలుగు మేష్టారు, ఏళ్లుగా యాపిల్ లేఅవుట్‌లోనే కొడతారు. అది కనబడేదాకా ఆయన ముఖం మాడే ఉంది. కాకపోతే ఆయన పాత అనూ ఫైళ్లు తెరిస్తే పిచ్చి అక్షరాలు వచ్చాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదివే ఉమ్మడి పద్ధతి) కావు. విండోస్ ఉండగానే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి తెచ్చుకోవాలి.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌ను తడితే క్లిక్ కాకపోతే మౌస్ సెట్టింగ్స్‌లో ట్యాప్ అన్నచోట టిక్ పెట్టండి. మూత మూస్తే నిద్రపోయి మళ్లీ లేవకపోతే, పవర్ సెట్టింగ్స్‌లో మూత మూసినా ఏమీ చేయవద్దని పెట్టి, వాడనప్పుడు షట్‌డౌన్ చేయండి. దీనిమీద వారం పోగొట్టుకున్నవాణ్ని చెబుతున్నాను.

ఏడో మెట్టు: నెల రోజులు ఆగడం

కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పిల్లల ఫీజు, టికెట్లు, అన్నీ ఒక విడత తిరిగి రావాలి. అప్పుడుగానీ మరిచిపోయిన వస్తువు గుర్తుకురాదు. విండోస్ లైసెన్సు పోతుందేమో అన్న బెంగ అక్కర్లేదు, డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుకు కట్టి ఉంటుంది. అదే పెట్టెలో మళ్లీ వేస్తే అదే గుర్తుపడుతుంది.

మార్చిన మూడిట్లో ఇప్పటికీ తీరని అలక ఒక్కటే. చిన్నక్క ల్యాప్‌టాప్‌కున్న వేలిముద్ర బటన్ లినక్స్‌లో పలకదు, ఆ చిప్‌కు డ్రైవర్ లేదు. "రోజుకు పదిసార్లు పాస్‌వర్డ్ కొట్టలేకపోతున్నా" అంటే, పాస్‌వర్డ్ చిన్నది చేసి ఇచ్చాను. పాత హార్డ్ డిస్కు మాత్రం అలాగే బీరువాలో, పట్టుచీరల కింద, పాత గుడ్డలో చుట్టి ఉంది. మా ఆవిడ పండక్కి చీర తీసినప్పుడల్లా "దీన్ని పారేయొచ్చా?" అని అడుగుతుంది, నేను ఇంకో నెల అంటాను.